వెట్టి వేరు, సేవ వేరు





మా పట్నంలో ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్లకు సాయం చేసే చిన్న సంఘం ఒకటుంది. నాలుగేళ్లుగా నేను అందులో పనిచేస్తున్నాను. జీతాలు లేవు, ఆఫీసు లేదు. ఒక రిజిస్టరు, ఒక బీపీ మిషను, పది పన్నెండు మంది మనుషులు, అంతే. రిజిస్టర్లో ఇరవై ముగ్గురు పెద్దవాళ్ల పేర్లున్నాయి. వారానికి ఒకసారి ప్రతి ఒక్కరి దగ్గరికీ ఎవరో ఒకరు వెళ్లాలని మా నియమం. మనుషులు చాలటం లేదు. అందుకని ఒక ఆదివారం మా విహారంలో వందన అయిపోయాక లేచి నిలబడి, మీలో ఎవరైనా వస్తారా అని అడిగాను.

వెనక వరసలోంచి ఒక తమ్ముడు లేచాడు. డిగ్రీ చదువుతున్నాడు. మర్యాదగానే అడిగాడు.

"అక్కా, మా ముత్తాత ఊరి వెట్టి. మా తాత పెద్దింట్లో పాలేరు. మా నాయనమ్మ వాళ్ల గొడ్లచావిడి ఊడ్చింది. ఇన్ని తరాలు చేసిన సేవ చాలదా? బాబాసాహెబ్ మనల్ని చదువుకోమన్నాడు, పోరాడమన్నాడు. మళ్లీ పోయి ఎవరి కాళ్లో పట్టమనలేదు గదా?"

విహారంలో ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి చాలా రోజులు ఆలోచించాను. ఆ తమ్ముడికి ఆలస్యంగా చెబుతున్న జవాబే ఈ నాలుగు మాటలు. ఆ ప్రశ్న మీ మనసులో కూడా ఎప్పుడో ఒకప్పుడు మెదిలే ఉంటుంది. అందుకే మీతోనూ చెప్పుకుంటున్నాను.

ప్రశ్న తప్పు కాదు

ముందు ఒకటి ఒప్పుకుందాం. ఆ తమ్ముడి ప్రశ్నలో బద్ధకం లేదు. పాత గాయం ఉంది.

శూద్రుడికి విధించిన పని ఒక్కటేనని, పై మూడు వర్ణాలకూ అసూయ లేకుండా సేవ చేయడమేనని మనుస్మృతి మొదటి అధ్యాయంలోనే చెబుతుంది. 'అసూయ లేకుండా' అన్న మాట గమనించండి. చాకిరీ చేస్తే చాలదు, చేస్తూ లోపల కూడా కోపం పెట్టుకోకూడదట. వర్ణాలకు బయట పెట్టిన మన సంగతి ఇంక చెప్పేదేముంది? 1927 డిసెంబరు 25న మహద్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో ఆ పుస్తకాన్ని తగలబెట్టారంటే ఊరికే తగలబెట్టలేదు.

మన పల్లెల్లో వెట్టి అంటే ఏమిటో పెద్దవాళ్లనడిగితే చెబుతారు. చచ్చిన గొడ్డును లాగాలి. డప్పు కొట్టి చాటింపు వెయ్యాలి. అర్ధరాత్రి అయినా కబురు మొయ్యాలి. పిలిచినప్పుడు పోవాలి, పొమ్మన్నప్పుడు రావాలి. రానంటే పనీ ఉండదు, గింజలూ ఉండవు. అందుకే మనలో నాలుగక్షరాలు నేర్చుకున్నవాళ్లకి 'సేవ' అన్న మాట వింటే ఒళ్లు మండుతుంది.

నాకూ మండింది. నేను బి.ఏ. చదివేటప్పుడు కాలేజీ తరఫున ఒక సేవా శిబిరానికి వెళ్లాం. చీపుర్లు పంచిన సారు మా హాస్టలు పిల్లల చేతికే ముందు ఇచ్చాడు. హాజరు రాసే పని వేరేవాళ్లకిచ్చాడు. మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. చీపురు ఎవరి చేతికి పోవాలో ఆ చీపురుకే తెలిసినట్టు పోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు 'వాలంటీరు' అన్న మాట నాకు గిట్టలేదు.

కాబట్టి ప్రశ్న సరైనదే. అయితే మనకు నిజంగా కోపం ఎవరి మీద? చీపురు మీదా? పుట్టుకను చూసి ఆ చీపురు చేతిలో పెట్టినవాళ్ల మీదా? ఈ రెండూ విడదీసి చూడకపోతే మనం చీపురుతో పాటు మంచంలో ఉన్న మనిషిని కూడా వదిలేస్తాం.

తథాగతుడు నీళ్లు పోశాడు

వినయపిటకంలో మహావగ్గం అని ఒక భాగం ఉంది. అందులో ఒక సంగతి ఉంది. మీలో చాలామంది విహారంలో విన్నదే. ఇంకోసారి నిదానంగా చూద్దాం.

ఒక భిక్షువుకి కడుపు జబ్బు చేసింది. తన మలమూత్రాల్లో తనే పడి ఉన్నాడు. భిక్షువుల గదులు చూసుకుంటూ బుద్ధుడు, ఆనందుడు అటు వచ్చారు. నిన్ను చూసేవాళ్లు ఎవరూ లేరా అని బుద్ధుడు అడిగాడు. లేరన్నాడు. ఎందుకు లేరు అంటే ఆ భిక్షువు చెప్పిన కారణం వినండి. నా వల్ల మిగతా భిక్షువులకు ఏ ఉపయోగమూ లేదు, అందుకని నన్ను ఎవరూ చూడరు అన్నాడు.

రెండున్నర వేల ఏళ్లు గడిచాయి. మా రిజిస్టర్లో ఉన్న ఇరవై ముగ్గురూ ఇదే మాట చెబుతారు. "నాతో ఇంకేం పని పడుద్దమ్మా ఎవరికైనా" అంటారు. ఒక్కరు కూడా తిట్టుకుంటూ చెప్పరు. అది న్యాయమే అన్నట్టు చెబుతారు. అదే ఎక్కువ బాధ.

బుద్ధుడు ఏం చేశాడు? శిష్యుల్ని పిలిపించి పని పురమాయించలేదు. నీళ్లు తెమ్మని ఆనందుడితో చెప్పి, తను నీళ్లు పోశాడు. ఆనందుడు కడిగాడు. ఒకరు తల వైపు, ఒకరు కాళ్ల వైపు పట్టుకుని మంచం మీదికి చేర్చారు. ఆ తర్వాతే సంఘాన్ని పిలిచి మాట్లాడాడు. ఇక్కడ మీకు తల్లి లేదు, తండ్రి లేడు, మీకు మీరే చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారు అని అడిగాడు. నాకు సేవ చేయాలనుకునేవాళ్లు రోగికి చేయండి అన్నాడు.

ఆ కాలంలో మలం ఎత్తే పని ఎవరిది? చండాలుడిదని, పుల్కసుడిదని సమాజం రాసిపెట్టింది. శాక్య వంశంలో పుట్టిన మనిషి ఆ పని తన చేత్తో చేశాడు. పనికి కులం లేదని ఉపన్యాసం ఇవ్వడం వేరు, నీళ్ల కుండ పట్టుకోవడం వేరు. ఆ గదిలో ఆ రోజు కులధర్మం పనిచేయలేదు. ఒక మనిషి కష్టంలో ఉన్నాడు, ఇద్దరు మనుషులు దగ్గరున్నారు. వాళ్లను కదిలించింది అదే.

అదే చోట రోగిని చూసుకునే మనిషికి ఉండాల్సిన లక్షణాలు కూడా ఐదు చెప్పాడు. మందు తయారుచేసి ఇవ్వడం తెలియాలి. ఏది పడుతుందో ఏది పడదో తెలియాలి. లాభం కోసం కాక మైత్రితో చేయాలి. మలమూత్రాలకు, వాంతులకు అసహ్యించుకోకూడదు. నాలుగు మంచి మాటలు చెప్పి మనసుకు ధైర్యం ఇవ్వగలగాలి. ఇందులో పుణ్యం ఊసు లేదు. స్వర్గం ఊసు లేదు. పని ఎలా చేయాలో మాత్రమే ఉంది. మా సంఘంలో కొత్తగా చేరినవాళ్లకి నేను చెప్పే పాఠం ఈ ఐదే.

ఆనందుడి షరతులు

"సరే అక్కా, అప్పుడు ఆనందుడు కూడా ఒకరి కింద చాకిరీ చేసినట్టే గదా" అని మీరు అడగొచ్చు. ఆనందుడు పాతికేళ్లు బుద్ధుడి దగ్గరే ఉండి అన్నీ చూసుకున్నాడు. అయితే ఆ పనికి ఒప్పుకునే ముందు ఎనిమిది షరతులు పెట్టాడని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. మీకు వచ్చిన మంచి చీవరం నాకివ్వకూడదు. మీకు వచ్చిన మంచి భోజనం నాకివ్వకూడదు. నాకు ప్రత్యేకంగా గది ఇవ్వకూడదు. మిమ్మల్ని ఒక్కరినే పిలిచిన విందుకు నన్ను వెంట తీసుకుపోకూడదు. ఈ నాలుగూ ఎందుకంటే, లాభం కోసం చేస్తున్నాడని ఎవరూ అనకూడదు. మిగతా నాలుగు ఇంకో రకం. వాటిలో ఒకటి, నాకు సందేహం వస్తే ఎప్పుడైనా వచ్చి అడిగే వీలుండాలి. ఇంకొకటి, నేను లేనప్పుడు చెప్పిన బోధ నాకు మళ్లీ చెప్పాలి.

బుద్ధుడు అన్నిటికీ ఒప్పుకున్నాడు.

ఇక్కడే నాకు దారి దొరికింది. వెట్టివాడు షరతు పెట్టగలడా? 'నేను ఇది చేస్తాను, ఇది చేయను' అని మా తమ్ముడి ముత్తాత అనగలిగేవాడా? అనలేడు. వెట్టికీ సేవకీ తేడా పనిలో లేదు. కాదనగల హక్కులో ఉంది. కాదనగలిగిన మనిషి సరేనంటేనే ఆ మాటకు విలువ. మన తాతలకు ఆ హక్కు లేదు. మనకు ఉంది, బాబాసాహెబ్ తెచ్చిపెట్టాడు కాబట్టి ఉంది. వచ్చిన హక్కును ఎప్పుడూ కాదనడానికే వాడాలని ఎక్కడా లేదు. అవుననడానికి కూడా వాడొచ్చు.

స్టీలు గ్లాసు

ఇంతవరకూ చెప్పడం తేలికే. కష్టమైన చోటు ఒకటుంది. దాన్ని దాటేసి పోతే మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది.

మా రిజిస్టర్లో ఒక పెద్దావిడ ఉంది. ఒకప్పుడు పొలాలున్న కుటుంబం. పిల్లలు దూరదేశాల్లో ఉన్నారు. డబ్బుకి లోటు లేదు, మనిషికే కరువు. మేడ మీద ఒక్కతే ఉంటుంది. మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగలేదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు షుగరు చూసి, మందుల డబ్బాలో వారానికి సరిపడా సర్దిపెట్టాను. ఆమె నా ఊరు అడిగింది. ఊళ్లో ఏ వైపు అని అడిగింది. చెప్పాను. రెండో వారం వెళ్తే గుమ్మం పక్కన కిటికీలో ఒక స్టీలు గ్లాసు విడిగా పెట్టి ఉంది. "నీళ్లు తాగమ్మా, అది నీకే" అంది.

నేను ఆ గ్లాసు ముట్టుకోలేదు. మెట్లు దిగిపోవచ్చు. దిగిపోవాలనే అనిపించింది. ఆ పది నిమిషాలు మా అమ్మ, మా అమ్మమ్మ, వాళ్లు దోసిలి పట్టి తాగిన నీళ్లు అన్నీ గుర్తొచ్చాయి. తర్వాత ఇంజక్షన్ కోసం చెయ్యి చాపి కూర్చున్న ఆమె కనిపించింది. ఆ చెయ్యి వణుకుతోంది. ఇంజక్షన్ చేసి, చెప్పాల్సింది చెప్పాను.

"అమ్మా, నేను మీకు మందులు తెచ్చిస్తాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. కానీ వేరే గ్లాసులో నీళ్లు తాగను. ఆ గ్లాసు అక్కడుంటే నేను రాను. ఇంకొకర్ని పంపమని సంఘానికి చెబుతాను."

ఆమె ఏమీ మాట్లాడలేదు. పై వారం వెళ్తే గ్లాసు లేదు. అలాగని తన గ్లాసులో నీళ్లూ ఇవ్వలేదు. ఇప్పటికీ ఇవ్వదు. నా బాటిల్ నేను తీసుకుపోతాను. ఆమె మారిపోయిందని, నన్ను కూతురిలా చూస్తోందని మీకు చెప్పలేను. ఒకసారి జ్వరం ఎక్కువై నా చెయ్యి గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇంతకన్నా జరిగిందేమీ లేదు.

నేను చేసింది తప్పా? మనవాళ్లలోనే కొందరు తప్పన్నారు. ఆమెలాంటివాళ్లు మన తల్లుల్ని ఎలా చూశారో మర్చిపోయావా అన్నారు. మర్చిపోలేదు. కానీ ఒకటి ఆలోచించండి. వాళ్లు మనిషిని చూసేముందు కులం చూశారు, అదే కదా మన ఫిర్యాదు. రోగిని చూసేముందు నేను కులం చూస్తే ఆ ఫిర్యాదు చేసే అర్హత నాకు ఏముంటుంది? 22 ప్రతిజ్ఞల్లో పదమూడోది ప్రాణులన్నిటి మీదా కరుణ చూపుతానని చెప్పే ప్రతిజ్ఞ. అందులో మినహాయింపుల జాబితా లేదు.

అయితే మైత్రి అంటే ఆత్మగౌరవం గుమ్మం బయట వదిలి వెళ్లడం కాదు. గ్లాసు తీయించాకే నేను మళ్లీ ఆ గుమ్మం తొక్కాను. మా సంఘంలో కూడా ఒక నియమం రాసుకున్నాం. అలాంటి ఇంటికి ఎవర్నీ బలవంతంగా పంపకూడదు. వెళ్లనన్నవాళ్లని కారణం అడగకూడదు. నేను వెళ్లగలిగాను. నాలాగే అందరూ వెళ్లాలని నేను అనను. ఆ గాయం ఎవరికి ఎంత లోతో వాళ్లకే తెలుసు.

"నన్ను కూడా రాసుకో"

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను.

మా అమ్మ పల్లెలో తమ్ముడి దగ్గర ఉంటుంది. నాట్లు, కలుపులు, మిరపకాయల కోతలు, ఇలా యాభై ఏళ్లు కూలి పని చేసింది. ఆ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. పింఛను రోజున మిషను మీద వేలు పెడితే ముద్ర పడదు. ఈ వేలు, ఆ వేలు మార్చి మార్చి పెట్టిస్తారు. పనిచేసి అరిగిన వేళ్లే 'నువ్వు నువ్వు కాదు' అని సాక్ష్యం చెబుతాయి.

ఒకసారి వెళ్లినప్పుడు నా సంచిలో రిజిస్టరు చూసి అదేంటి అని అడిగింది. చెప్పాను. ఎవరెవరున్నారో చదవమంది. ఇరవై ముగ్గురి పేర్లూ చదివాను. అంతా విని, నవ్వుతూనే అంది.

"అందర్నీ రాసుకున్నావు. నన్ను కూడా రాసుకోమ్మా. అప్పుడన్నా వారానికోసారి వస్తావు."

కోపంగా అని ఉంటే నేను జవాబు చెప్పేదాన్ని. మీటింగులున్నాయి, బస్సులు లేవు అనేదాన్ని. నవ్వుతూ అంది కాబట్టి ఏమీ అనలేకపోయాను. నేను మా అమ్మను చూసి అప్పటికి రెండు నెలలైంది.

సిద్ధార్థుడు 29వ ఏట ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని మొదటిసారి చూసి ఇల్లు విడిచాడనే కథను బాబాసాహెబ్ ఒప్పుకోలేదని మీకు తెలుసు. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' పుస్తకం ముందుమాటలోనే దాన్ని ప్రశ్నించాడు. రోజూ ఎన్నో చోట్ల జరిగేవి ఒక మనిషి 29 ఏళ్లు వచ్చేదాకా చూడకుండా ఎలా ఉంటాడు? ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ మా అమ్మ మాట విన్నాక నాకు ఇంకోటి అనిపించింది. రోజూ కళ్లముందే ఉన్నదాన్ని కూడా చూడకుండా ఉండొచ్చు. నేను నలభై దాటినా చూడలేదు. ఊళ్లో ముసలితనం కనిపించింది, ఇంట్లోది కనిపించలేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. అమ్మకి తలకి నీళ్లు పోసేది, బట్టలు ఉతికేది, రాత్రిళ్లు లేచి బాత్రూముకి తీసుకుపోయేది నా తమ్ముడి భార్య. పగలంతా కూలికి పోయి వచ్చి చేస్తుంది. ఆ అమ్మాయికి ఎవరూ శాలువా కప్పలేదు, ఆ పనికి ఎవరూ సేవ అని పేరు పెట్టలేదు. కాదనే హక్కు కూడా ఆ అమ్మాయికి లేదు. నేను పైన చెప్పిన కొలత మళ్లీ గుర్తు చేసుకోండి. కాదనే హక్కు లేని చాకిరీని ఏమంటాం? మన ఇళ్లల్లో కోడళ్లతో చేయిస్తున్నది చాలాచోట్ల వెట్టే. సోదరులారా, పంచశీల చదివి వచ్చి మీ అమ్మకి మీరు ఎప్పుడైనా స్నానం చేయించారా? సిగాలుడికి బుద్ధుడు చెప్పిన గృహస్థ ధర్మం గుర్తుందా? నన్ను పోషించినవాళ్లను నేను పోషిస్తాను అనుకోవాల్సింది బిడ్డ. బిడ్డ భార్య ఒక్కతే కాదు.

దుప్పటి కాదు, హక్కు

అక్టోబరు 1 అంతర్జాతీయ వృద్ధుల దినం. ఆ రోజు చాలాచోట్ల శాలువాలు కప్పుతారు, పండ్లు పంచుతారు, ఫొటోలు తీస్తారు. అక్టోబరు 2న ఎవరూ కనపడరు. ఒక ఏడు మా రిజిస్టర్లో ఉన్న తాత ఒకాయన దుప్పటి తిరిగి ఇచ్చేశాడు. "ఫొటో తీస్తే నాకొద్దు బాబూ. పేపర్లో నా మనవడు చూస్తాడు" అన్నాడు. చలిని ఓర్చుకోగలడు, చులకనను ఓర్చుకోలేడు. ఆ తర్వాత మా సంఘం ఫొటోలు మానేసింది.

ముసలితనంలో ఆదుకోవడం దయాధర్మం కాదు. బాబాసాహెబ్ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడిగా ఉండి తయారుచేసిన రాజ్యాంగంలో 41వ అధికరణ చదవండి. నిరుద్యోగం, ముసలితనం, జబ్బు, అవిటితనం వచ్చినప్పుడు ప్రభుత్వ సాయం పొందే హక్కు గురించి అందులో ఉంది. ఆదేశిక సూత్రం కాబట్టి దాన్ని పట్టుకుని నేరుగా కోర్టుకి పోలేం, నిజమే. కానీ పింఛను ఎవరి జేబులోంచో వచ్చే భిక్ష కాదని చెప్పడానికి అది చాలు. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. తెలంగాణలో 2,016. అందులో 80 ఏళ్ల లోపు మనిషికి కేంద్రం ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలే. ఆ 200 మీద మాట్లాడటం కూడా వృద్ధుల సేవే. పండ్లు పంచడం కన్నా పెద్ద సేవ.

బిడ్డలు వదిలేస్తే 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ఉంది. ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్లో అర్జీ పెట్టుకోవచ్చు. లాయరు అక్కర్లేదు. ఇకముందు చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి మోసపోయినవాళ్లు ఆ రాత చెల్లదని అడగొచ్చు. 14567 నంబరుకి ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెబుతారు. ఇవి తెలియక ఎంతమంది మన పెద్దవాళ్లు 'నా కర్మ' అనుకుని కూర్చున్నారో! పోయిన జన్మ పాపం వల్ల ఈ జన్మలో కష్టం అన్న మాటను బాబాసాహెబ్ తిరస్కరించాడు. మనం విహారంలో దాన్ని తిరస్కరించి, పక్కింటి ముసలమ్మ దగ్గర "ఏం చేస్తాం మామ్మా, నీ రాత" అంటే ధమ్మం ఎక్కడున్నట్టు?

హక్కులన్నీ వచ్చాయనుకుందాం. పింఛను వచ్చింది, మందులు వచ్చాయి. అప్పుడు సేవతో పనిలేదా? మా మేడ మీది పెద్దావిడకి డబ్బుందని చెప్పాను కదా. ప్రభుత్వం డబ్బు పంపగలదు. పక్కన కూర్చోలేదు. చెప్పిన కథే పదోసారి చెబుతుంటే వినలేదు. ఆ పని మనిషే చెయ్యాలి.

ఇద్దరుంటేనే ధమ్మం

ధమ్మం సామాజికమైనదని బాబాసాహెబ్ చెప్పాడు. ఒక మనిషి ఒంటరిగా ఉంటే ధమ్మంతో అవసరం లేదు, ఇద్దరు మనుషులు ఏ సంబంధంతోనైనా కలిసి ఉంటే మాత్రం ఇష్టమున్నా లేకున్నా ధమ్మానికి చోటు ఇవ్వాల్సిందే అన్నది ఆయన వాదం. ఆ వాదాన్ని ఒక ముసలమ్మ గదిలో పెట్టి చూడండి. తలుపు వేసి ఉంది. లోపల ఒక్కతే ఉంది. గోడ మీద బాబాసాహెబ్ పటం ఉండొచ్చు, పక్కన బుద్ధుడి బొమ్మ ఉండొచ్చు. కానీ ఆమెతో మసిలే మనిషే లేనప్పుడు ఆ గదిలో మైత్రి ఎవరి మధ్య ఉంటుంది? మీరు వెళ్లి తలుపు తడితే అప్పుడు ఇద్దరవుతారు. అక్కడ మొదలవుతుంది.

అందుకని మీకు నా విన్నపం పెద్దదేమీ కాదు. మీ వాడలో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు ఎంతమందో ముందు లెక్క రాయండి. మీ ఇంట్లో పెద్దవాళ్లను మొదటి పేరుగా రాయండి. నేను ఆ పొరపాటు చేశాను, మీరు చేయకండి. మగవాళ్లు, ఆడవాళ్లు వంతులు వేసుకోండి. వారానికి ఒక గంట చాలు, కానీ ఆ గంట తప్పకూడదు. ఆదివారం వస్తామని చెప్పి రాకపోతే ఆ మనిషి పొద్దున్నుంచీ గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారు. అసలు రామని చెప్పడమే దానికన్నా మంచిది. ఆధార్‌లో వయసు తప్పుంటే దిద్దించండి. వేలిముద్ర పడకపోతే కళ్లు చూపించి తీసుకునే వీలుందేమో దగ్గరుండి అడగండి. ఫొటోలు తీయకండి. మీ షరతులు మీరు పెట్టుకోండి, వాళ్ల షరతులు కూడా వినండి. తీసుకునేవాళ్లకీ ఆత్మగౌరవం ఉంటుంది.

పెద్దలారా, మీకూ ఒక మాట. అడగడానికి సిగ్గుపడకండి. తథాగతుడు కూడా ముసలివాడయ్యాడు. 80వ ఏట తన శరీరాన్ని కట్లు కట్టి నడిపిస్తున్న పాత బండితో పోల్చుకున్నాడు. శాక్యుల సభామందిరంలో మాట్లాడుతూ నడుము నొప్పి వస్తే, మిగతాది నువ్వు చెప్పు అని ఆనందుడికి అప్పగించి వాలిపోయాడు. ఆయన దాచుకోలేదు. మీరెందుకు దాచుకోవాలి?

ఇప్పుడు నెలలో రెండు ఆదివారాలు నేను మా అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. అమ్మ చూస్తుండగానే రిజిస్టర్లో ఇరవై నాలుగో పేరు రాశాను. "ఆఖర్న రాశావేంటే" అంది. మొదట రాయాల్సిన పేరు ఆఖర్న రాశాను, అది నిజమే కదా అన్నాను. ఆ రోజు తలకి నేనే నీళ్లు పోశాను. మరదలు చాలా రోజులకి పగటిపూట నిద్రపోయింది.

విహారంలో ప్రశ్న అడిగిన తమ్ముడికి ఇదంతా చెప్పాను. ఒప్పుకున్నాడో లేదో తెలియదు. చాలాసేపు ఆలోచించి, "పెద్దింటి మెట్లు నేను ఎక్కను అక్కా" అన్నాడు. ఎక్కొద్దన్నాను. "మా వాడలో తాతలకి బ్యాంకు పనులు, ఫోను పనులు చేసిపెడతాను. శనివారాలైతే వస్తాను" అన్నాడు. రిజిస్టర్లో అతని పేరు రాసుకున్నాను. పక్కన అతని షరతు కూడా రాసుకున్నాను.

వాళ్ల ముత్తాత పేరు కూడా ఏదో ఒక ఊరి లెక్కల్లో రాసే ఉంటారు. ఆయన్ని అడిగి రాసి ఉండరు.

భవతు సబ్బ మంగళం.

జై భీమ్.